చెప్పు తోలు నుంచి సిరామిక్ దాకా: బ్రేక్ ప్యాడ్ కథ

క్రితం నెల మా ఆఫీసులో పనిచేసే రాజంపేట కుర్రాడొకడు సెకండ్ హ్యాండ్‌లో మియాటా కొన్నాడు. తెలియనివాళ్ళ కోసం: మాజ్దా వాళ్ళు 1989 నుంచి చేస్తున్న రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారది. సొంత కార్లు తెచ్చుకుని రేస్ ట్రాక్ మీద తిప్పుకునే రోజుల్లో (వాటినే ట్రాక్ డే అంటారు) అమెరికాలో ఎక్కడ చూసినా ఇవే కనపడతాయి. కొన్న వారానికే ఫోన్.

"అన్నా, వచ్చే నెల ట్రాక్ డేకి డబ్బులు కట్టేశా. బ్రేక్ ప్యాడ్లు మార్చుకోమంటున్నారు. ఆఫీసుకి వెళ్ళేదీ ఇదే కారులో. రెండిటికీ పనికొచ్చేది ఒకటి చెప్పు, ఇప్పుడే ఆర్డర్ పెట్టేస్తా."

అలాంటిది లేదని ఒక్క ముక్కలో చెప్పెయ్యొచ్చు. కానీ నాకు అలా చెప్పిన పెద్దమనిషి మాట నేను వినలేదు, వాడు మాత్రం ఎందుకు వింటాడు? ఎందుకు లేదో తెలియాలంటే నూట పాతికేళ్ళు పైగా వెనక్కి వెళ్ళాలి. ఆ సాయంత్రం ఫోన్లో సగం చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా.

ముందు నా భాగోతం. నా మొదటి ట్రాక్ డేకి కారు కొన్నప్పుడున్న మామూలు ప్యాడ్లతోనే వెళ్ళాను. "నేనేమన్నా రేసరునా, మెల్లగా నడుపుతాలే" అనుకున్నా. మొదటి మూడు ల్యాపులూ బాగానే నడిచాయి. నాలుగో ల్యాపుకి ధైర్యం వచ్చింది. ఐదో ల్యాపులో పెద్ద స్ట్రెయిట్ చివర బ్రేకు నొక్కితే, పెడల్ గట్టిగానే ఉంది, కాలి కింద రాయిలా ఉంది, కానీ కారు ఆగడం లేదు. ఎంత తొక్కినా అంతే. మలుపు దాటి పక్కనున్న గడ్డిలోకి వెళ్ళి, వంద గజాలు దున్ని ఆగాను. కాలుతున్న రబ్బరులాంటి వాసన. ఎవరికీ ఏం కాలేదు. నా పరువు తప్ప :)

అసలేం జరిగిందో చిన్న లెక్కతో చూద్దాం. బ్రేకు అంటే కదలికని వేడిగా మార్చే యంత్రం, అంతే. మనిషితో కలిపి కారు బరువు 1200 కిలోలు అనుకోండి. ఊళ్ళో గంటకి 54 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు సిగ్నల్ దగ్గర ఆగితే బ్రేకులు మింగాల్సిన శక్తి 135 కిలోజౌళ్ళు. అదే ట్రాక్ మీద 180 నుంచి 72కి తగ్గిస్తే (ఆగడం కూడా కాదు, తగ్గడమే) 1260 కిలోజౌళ్ళు. తొమ్మిది రెట్లు పైన. వేగం వర్గంతో పెరుగుతుంది కదా, ఇంటర్లో చదువుకున్నదే.

ఇందులో 70 శాతం ముందు చక్రాల మీద పడుతుంది. ముందు డిస్క్ ఒక్కోటి ఐదు కిలోల పోత ఇనుము అనుకుంటే, ఊళ్ళో ఒకసారి ఆగితే దాని వేడి 20 డిగ్రీలు పెరుగుతుంది. ట్రాక్ మీద ఒక్కసారి తొక్కితే 190 డిగ్రీలు. ఇది చల్లారేలోపే ఇంకో మలుపు, ఇంకో 190. ఇంకో విషయం, ఆ తొక్కుడు మూడు సెకన్లకి కాస్త పైన ఉంటుంది. అంటే సగటున 400 కిలోవాట్లు, దాదాపు 530 హార్స్ పవర్. ఇంజన్‌దేమో దాంట్లో మూడో వంతు కూడా ఉండదు. కారులో అన్నిటికన్నా బలమైన యంత్రం ఇంజన్ కాదు, బ్రేకు. అందరం హార్స్ పవర్ గురించే గొప్పలు చెప్పుకుంటాం, అది వేరే సంగతి.

మామూలు ప్యాడ్లో పొడులన్నిటినీ పట్టి ఉంచేది ఫినాలిక్ రెసిన్ అనే జిగురు. సుమారు 350, 400 డిగ్రీలు దాటితే అది కాలి కుళ్ళి వాయువులు వదలడం మొదలెడుతుంది, పట్టు పడిపోతుంది. దీన్నే ఫేడ్ అంటారు. మన ఘాట్ రోడ్ల మీద "బ్రేకులు ఫెయిలై బస్సు బోల్తా" అని పేపర్లో చదివే వార్తల్లో కొన్నైనా ఇవే అయ్యుంటాయి. బ్రేకు విరగదు, తెగదు, వేడెక్కి పట్టు వదిలేస్తుంది. తిరుమల ఘాట్ దిగేటప్పుడు అనుభవమున్న డ్రైవర్లు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకుండా తక్కువ గేరులో ఇంజన్‌తోనే ఆపుకుంటూ రావడం అందుకే.

సరే, ఇక చరిత్రకొద్దాం.

1888 ఆగస్టులో బెర్తా బెంజ్ మొగుడికి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా కారులో వెళ్ళింది. సుమారు వంద కిలోమీటర్లు, ప్రపంచంలో మొదటి దూర ప్రయాణం. ఆ కారుకున్నవి చెక్క బ్రేకులు. దిగుళ్ళలో అవి అరిగిపోతుంటే, దారిలో చెప్పులు కుట్టే అతని దగ్గర ఆగి చెక్క ముక్కలకి తోలు కొట్టించింది. బ్రేక్ లైనింగ్ అనేది అలా ఒక చెప్పుల దుకాణంలో పుట్టిందని చెబుతారు.

విచిత్రమేంటంటే తర్వాతి అడుగూ చెప్పుల నుంచే. ఇంగ్లండ్‌లో డార్బీషైర్ కొండల్లో బండివాళ్ళు దిగుళ్ళలో చక్రానికి పాత బూట్లు అడ్డం కట్టి ఆపడం హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన చూశాడు. ఇంతకన్నా మంచిది చెయ్యలేమా అని 1897లో నేత గుడ్డకి జిగురు పట్టించి బ్రేకు దిమ్మలు చెయ్యడం మొదలెట్టాడు. తన ఇంటిపేరు అక్షరాల్ని అటూ ఇటూ చేసి, భార్య ఎలిజబెత్ పేరులోని ఒక అక్షరం కలిపి 'ఫెరోడో' అని కంపెనీకి పేరు పెట్టాడు. ఇవాళ్టికీ ఆ పేరుతో ప్యాడ్లు అమ్ముతున్నారు.

గుర్రబ్బండికి నూలు గుడ్డ సరిపోయింది. మోటారు కారుకి సరిపోలేదు, వేడికి మాడిపోయింది. 1908లో ఫ్రూడ్ నూలు బదులు రాతినార వాడాడు, మధ్యలో ఇత్తడి తీగ నేసి. రాతినార అంటే ఆస్బెస్టాస్. రాయే, కానీ నారలా విడదీసి దారం వడకొచ్చు. కాలదు, వేడిని పోనివ్వదు, చవక, బ్రేకు కీచుమనదు, డిస్కునీ డ్రమ్మునీ అరగదియ్యదు. ఇంజనీరు కలలో కోరుకునే లక్షణాలన్నీ ఉన్నాయి. మన పులివెందుల చుట్టుపక్కల కూడా ఒకప్పుడు రాతినార గనులుండేవి. ఆ తర్వాత డెబ్భై ఏళ్ళకి పైగా ప్రపంచంలో దాదాపు ప్రతి బండీ దీని మీదే ఆగింది.

మరి బిల్లు ఎవరు కట్టారు?

నెల్లీ కెర్షా అని ఇంగ్లండ్‌లో రాచ్‌డేల్ ఊళ్ళో రాతినార వడికే మిల్లులో పనిచేసేది. బ్రేకుల ఫ్యాక్టరీ కాదు, కానీ దారం అదే. 1924లో 33 ఏళ్ళకే ఊపిరితిత్తులు పాడై చనిపోయింది. కంపెనీ నష్టపరిహారం ఇవ్వలేదు, అంత్యక్రియల ఖర్చుకి కూడా ఒప్పుకోలేదు. విలియం కుక్ అనే డాక్టరు ఆమె ఊపిరితిత్తుల్లో రాతినార ముక్కలు చూసి బ్రిటిష్ మెడికల్ జర్నల్లో రాశాడు. వైద్య పత్రికల్లో ఈ జబ్బుతో చావు గురించి మొదట వచ్చిన రాతల్లో అది ముఖ్యమైనది. 1930లో మెరివెదర్, ప్రైస్ అనే ఇద్దరు బ్రిటన్ ప్రభుత్వానికి రిపోర్టు ఇచ్చారు, 1931లో ఫ్యాక్టరీలకి నిబంధనలొచ్చాయి. ఆ నెల్లీ పనిచేసిన మిల్లు వాళ్ళు భాగమైన టర్నర్ అండ్ న్యూవాల్ కంపెనీయే 1920ల్లో ఫెరోడోని కొనేసింది.

అంటే 1930 నాటికే తెలుసు. బ్రిటన్‌లో తెల్ల రాతినార నిషేధం ఎప్పుడొచ్చింది? 1999లో. యూరోపియన్ యూనియన్ మొత్తానికి 2005లో. అమెరికాలో పర్యావరణ సంస్థ 1989లో నిషేధిస్తే, 1991లో కోర్టు దాన్లో ఎక్కువ భాగం కొట్టేసింది. మళ్ళీ 2024 మార్చిలో గానీ బ్రేకులతో సహా తెల్ల రాతినార మీద నిషేధం ఉత్తర్వు రాలేదు. ఈలోపు ఎన్ని లక్షల మంది మెకానిక్కులు డ్రమ్ము విప్పి, గాలి గొట్టంతో ఆ దుమ్ము ఊది, పీల్చారో. 1998లో టర్నర్ అండ్ న్యూవాల్‌ని కొన్న ఫెడరల్ మొగుల్, రాతినార కేసుల బరువుకి 2001లో దివాలా రక్షణకి వెళ్ళింది. బగ్ ఉందని తెలిసీ డెబ్భై ఏళ్ళు ప్రొడక్షన్లో ఉంచితే ఏమవుతుందో ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక రేసుల వైపు చూద్దాం. డిస్క్ బ్రేకు కొత్త ఆలోచనేం కాదు. బర్మింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంట్ తీసుకున్నాడు. కానీ ప్యాడ్‌కి రాగి వాడితే డిస్క్ మీద రాసుకుని భరించలేని కీచు శబ్దం వచ్చిందంటారు. (ఈ రాగిని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.) అందుకని ఇంకో యాభై ఏళ్ళు కార్లు డ్రమ్ముల మీదే నడిచాయి.

డ్రమ్ముతో ఇబ్బంది దాని ఆకారంలోనే ఉంది. లోపలున్న షూలు బయటికి నెట్టి డ్రమ్ముని పట్టుకుంటాయి. వేడెక్కితే డ్రమ్ము పెద్దదవుతుంది, అంటే షూలకి దూరంగా జరుగుతుంది. మీరు ఎంత తొక్కితే అంత వేడి, ఎంత వేడెక్కితే అంత దూరం. డిస్క్ అలా కాదు. వేడెక్కితే మందం పెరిగి ప్యాడ్ల వైపే వస్తుంది, పైగా గాలికి బయటే ఉంటుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది.

ఫ్రాన్స్‌లో లె మాన్స్ ట్రాక్ మీద అప్పట్లో ఆరు కిలోమీటర్ల స్ట్రెయిట్ ఉండేది, చివర్న ఇరుకు మలుపు. 24 గంటల పాటు ప్రతి ల్యాపులోనూ అక్కడ గట్టిగా తొక్కాలి. 1953లో జాగ్వార్ తన సి-టైప్ కార్లకి డన్‌లప్ డిస్క్ బ్రేకులు బిగించి వచ్చింది. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన కారు గెలిచింది. ఆ రేసు చరిత్రలో సగటు వేగం గంటకి వంద మైళ్ళు దాటడం అదే మొదటిసారి. ఇంజన్ బలం వల్ల మాత్రమే కాదు. మిగతావాళ్ళు డ్రమ్ములు చల్లారాలని ముందే కాలు తీసేచోట, వీళ్ళు ఇంకో వంద గజాలు పోయి తొక్కేవాళ్ళు. ఆలస్యంగా ఆగగలిగినవాడే వేగంగా పోగలడు.

1955లో మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ మాత్రం ఇంకా డ్రమ్ములతోనే వచ్చింది. అవి చాలవని వాళ్ళకీ తెలుసు. అందుకే డ్రైవర్ వెనక ఒక పెద్ద రేకు పెట్టారు, మీట నొక్కితే విమానం రెక్క మీది పలకలా లేచి గాలిని అడ్డుకుంటుంది. ఆ ఏడాది జూన్ 11న ఆ కార్లలో ఒకటి ముందున్న ఆస్టిన్ హీలీని గుద్ది జనం మీద పడి ఎనభై మందికి పైగా చనిపోయారు. మోటార్ రేసుల చరిత్రలోనే ఘోరమైన ప్రమాదం. డ్రమ్ముల వల్లే జరిగిందని కొందరు రాస్తుంటారు, అంత తేలిక కాదు. పిట్ వైపు వెళ్తూ గట్టిగా బ్రేకు వేసిన జాగ్వార్‌కీ డిస్కులే, దాన్ని తప్పించుకోబోయి పక్కకి వచ్చిన ఆస్టిన్ హీలీకీ డిస్కులే. విచారణలో ఏ ఒక్క డ్రైవర్‌నీ తప్పుపట్టలేదు. ఇరుకు ట్రాక్, పక్కనే అడ్డులేని జనం, వేగాల్లో పెద్ద తేడాలు, ఇవన్నీ కలిశాయి. నాకు మాత్రం దీన్లోంచి ఒకటి అర్థమైంది. మీ బ్రేకు ఎంత మంచిదైనా, మీ వెనకవాడికి అదే దూరంలో ఆగే వీలుండాలి, చుట్టూ ఉన్నవాళ్ళకి పక్కకి జరిగే చోటుండాలి.

అదే 1955 అక్టోబర్లో పారిస్ మోటార్ షోలో సిట్రాయెన్ డీఎస్ వచ్చింది, ముందు చక్రాలకి డిస్కులతో. రేసుల కోసం పుట్టింది రెండేళ్ళలో సంసారుల కారుకి వచ్చేసింది. ఇక్కడే మనవాళ్ళకి ఒక భ్రమ మొదలైంది: రేసులో పనికొచ్చింది రోడ్డు మీద ఇంకా బాగా పనికొస్తుందని.

రాతినార పోయాక దాని పనులన్నీ చేసే ఒక్క పదార్థం దొరకలేదు. ఒక మాడ్యూల్ తీసేసి పది చిన్న ముక్కలతో ప్యాచ్ చేసినట్టు, పది పదార్థాలు కలపాల్సి వచ్చింది. ఉక్కు పీచు కలిపినవి సెమీ మెటాలిక్. వేడికి గట్టివి, కానీ చల్లగా ఉన్నప్పుడు మొద్దు, చప్పుడు చేస్తాయి, డిస్కుని తింటాయి. 1965లో డ్యూపాంట్‌లో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టిన కెవ్లార్ లాంటి నారలు కలిపినవి ఆర్గానిక్. మెత్తన, నిశ్శబ్దం, కానీ వేడికి త్వరగా చేతులెత్తేస్తాయి. దుకాణంలో 'సిరామిక్' అని రాసి అమ్మేవి కూడా ఎక్కువగా ఈ కుటుంబంవే, సిరామిక్ పీచు కలిపినవి. ఎలాంటి ప్యాడ్‌లోనైనా బరువు కోసం, వేడి తట్టుకోవడం కోసం బెరైటీస్ పొడి కలపడం మామూలు. మా రాజంపేట కుర్రాడికి ఇది చెప్తే ఎగిరి గంతేశాడు. మంగంపేట ముగ్గురాయి గనులు వాళ్ళ ఊరికి దగ్గరే, ప్రపంచంలోని పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో అదొకటి. ఎక్కువ భాగం చమురు బావులు తవ్వేచోటికి పోతుంది, కొంత మాత్రం ప్యాడ్లలోకి. "అంటే నేను మా ఊరి రాయి మీద ఆగుతున్నానా అన్నా?" అన్నాడు. ఆగుతున్నావేమో, ఎవరికి తెలుసు.

రాతినార తర్వాత చాలా ప్యాడ్లలో ముఖ్యమైన దినుసు రాగి అయింది. వేడిని బాగా పంచుతుంది, చల్లగా ఉన్నా వేడెక్కినా పట్టు ఒకేలా ఉంచుతుంది. మంచి మందే. కానీ అరిగిన ప్యాడ్ ఎక్కడికి పోతుంది? రోడ్డు మీదికి. అక్కడ్నుంచి వానకి కాలవల్లోకి, అక్కడ్నుంచి సముద్రంలోకి. కరిగిన రాగి కొద్దిగా ఉన్నా సాల్మన్ చేప పిల్లలకి వాసన పట్టే శక్తి పోతుంది, శత్రువుని పసిగట్టలేదు. 2010లో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు చట్టాలు చేశాయి. కాలిఫోర్నియాలో అమ్మే ప్యాడ్లలో 2021 నుంచి రాగి 5 శాతం మించకూడదు, 2025 నుంచి 0.5 శాతం మించకూడదు. ప్యాడ్ అంచున ఉండే కోడ్‌లో ఎ, బి, ఎన్ అనే అక్షరం దీని గురించే. ఎన్ ఉంటే 0.5 కన్నా తక్కువ. యూరప్‌లో 2024లో ఆమోదించిన యూరో 7 ఇంకో అడుగు వేసి బ్రేకు దుమ్ముకే హద్దు పెట్టింది. ఇంజన్ ఉన్న కార్లకి కిలోమీటరుకి 7 మిల్లీగ్రాములు, పూర్తి ఎలక్ట్రిక్ కార్లకి 3. పొగ గొట్టం అయిపోయింది, ఇప్పుడు బ్రేకు వంతు.

ఇక కార్బన్. కాంకార్డ్ విమానానికి వాడిన కార్బన్ బ్రేకుల్ని 1976లో గోర్డన్ మర్రే బ్రాభమ్ ఫార్ములా వన్ కారు మీద ప్రయత్నించాడు. తేలిక, వెయ్యి డిగ్రీలు దాటినా పట్టు పోదు. కాకపోతే కొన్ని వందల డిగ్రీలు వేడెక్కేదాకా అసలు పట్టదు. దాన్ని రోడ్డుకి అలవాటు చేస్తే వచ్చింది కార్బన్ సిరామిక్ డిస్క్. 2001లో పోర్షా 911 జీటీ2తో పాటే ఇచ్చింది. (దీనికీ, పైన చెప్పిన 'సిరామిక్' ప్యాడ్‌కీ పేరు తప్ప పెద్ద చుట్టరికం లేదు. ధర చూస్తే మీకే తెలుస్తుంది.)

ఇంత కథలో నాకు కనపడేది ఒకటే. తోలు, నూలు, రాతినార, ఉక్కు, రాగి, కార్బన్, ప్రతిదీ ఒక సమస్యని తీర్చి ఖర్చుని ఇంకోచోటికి నెట్టింది. నెల్లీ కెర్షా ఊపిరితిత్తుల్లోకో, సాల్మన్ పిల్లల్లోకో. ప్యాడ్ ఎంచుకోవడమంటే మంచిదేదో కనుక్కోవడం కాదు, ఖర్చు ఎవరి మీద పడాలో నిర్ణయించడం.

ఇది నాకెలా తెలిసిందంటే, రెండో భాగోతం.

గడ్డి దున్నిన అవమానంతో ఇంటికొచ్చి వెంటనే రేస్ ప్యాడ్లు తెప్పించాను. 700 డిగ్రీల దాకా పనిచేస్తాయని డబ్బా మీద గ్రాఫు. గ్రాఫులో ఎడమ చివర, చల్లగా ఉన్నచోట, గీత కింద పడి ఉంది. చూశాను, పట్టించుకోలేదు. తర్వాతి ట్రాక్ డే అద్భుతంగా గడిచింది. వచ్చాక పాతవి మళ్ళీ వెయ్యడానికి బద్ధకించాను. వారం రోజులు కారు రైలింజన్లా కీచుమంటూ ఆఫీసుకి తిరిగింది, చక్రాలన్నీ నల్లగా. "రేస్ కారు సౌండు" అని ముచ్చట పడ్డాను కూడా.

అప్పుడు అమ్మ గుంటూరు నుంచి వచ్చి ఉంది. డిసెంబర్లో ఒక తెల్లవారుజామున గుడికి తీసుకెళ్తున్నా. చలి, ఐదు డిగ్రీలుంటుందేమో. ఇంటి సందు చివర మొదటి సిగ్నల్. ఒక ముసలాయన కుక్కని పట్టుకుని రోడ్డు దాటుతున్నాడు. ఎప్పట్లాగే బ్రేకు మీద కాలు పెట్టాను. ఏమీ లేదు. చెక్కని ఇనుముకి ఆనించినట్టుంది. రెండు కాళ్ళతో తొక్కినంత పని చేస్తే, గీత దాటి కారు పొడుగంత ముందుకెళ్ళి ఆగింది. ముసలాయన అప్పటికే వెనక్కి గెంతాడు. కుక్క మొరుగుతోంది. అమ్మ డాష్‌బోర్డు మీద చేతులు పెట్టి, "ఏమైందిరా? బ్రేకు లేదా ఈ కారుకి?" అంది.

ఉందమ్మా, చాలా ఖరీదైనది ఉంది అని ఎలా చెప్పను?

గడ్డిలోకి వెళ్ళినప్పుడు నాకు రాత్రి నిద్ర బాగానే పట్టింది. ఈసారి పట్టలేదు. ట్రాక్‌కి వచ్చిన ప్రతివాడూ పొద్దున్నే కాగితం మీద సంతకం పెట్టి వస్తాడు, ప్రమాదం ఉందని తెలిసి. తప్పు జరిగితే పోవడానికి గడ్డి ఉంది, జెండా ఊపేవాళ్ళున్నారు, అంబులెన్సు ఉంది. ఆ ముసలాయన ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. నా రెండు సెకన్ల ల్యాప్ టైము కోసం ఆయన ఎందుకు ఖర్చు కట్టాలి?

కాబట్టి, మా వాడికి చెప్పిందే మీకూ చెప్తున్నా.

ఒకటి. ప్యాడ్‌ని గరిష్ఠ డిగ్రీలు చూసి కొనకండి. రోడ్డు మీద తిరిగే కారుకి మొదటి ప్రశ్న: చలికాలం పొద్దున, మొదటి తొక్కుడుకే పడుతుందా? అది దాటాకే మిగతావి. ప్యాడ్ అంచున ఉండే ఎఫ్ఎఫ్, జీజీ లాంటి జంట అక్షరాల్లో మొదటిది మామూలు వేడిలో ఘర్షణ, రెండోది ఎక్కువ వేడిలో. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. కానీ ఆ పరీక్షలో వేడి సుమారు 340 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ట్రాక్ మీద అసలు కథ మొదలయ్యేదే అక్కడ. అందుకని ఆ అక్షరాలు చూసి ట్రాక్‌కి కొనకండి. యూరప్‌లో ఐతే ఆర్90 అనే నియమం ఉంది, దాని ప్రకారం బయట కొన్న ప్యాడ్ పనితీరు అసలు ప్యాడ్‌కి 15 శాతం అటూ ఇటూలోనే ఉండాలి. చాలా రేస్ ప్యాడ్లకి ఆ ముద్ర ఉండదు. ఎందుకుండదో ఇప్పటికి మీకు అర్థమై ఉంటుంది.

రెండు. గట్టి ప్యాడ్ వేస్తే రోడ్డు మీద తక్కువ దూరంలో ఆగుతారనుకోవద్దు. మీ మామూలు ప్యాడ్లు ఏబీఎస్ పనిచేసేంత గట్టిగా పట్టగలిగితే, అక్కడ్నుంచి ఆపేది టైర్లే. రేస్ ప్యాడ్‌తో మీరు కొనేది తక్కువ దూరం కాదు, ఇరవయ్యోసారి కూడా మొదటిసారిలాగే ఆగడం.

మూడు. ఏడాదికి ఒకటి రెండు ట్రాక్ డేలే ఐతే ముందు బ్రేక్ ఫ్లూయిడ్ మార్చండి. అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగితే లోపల ఆవిరి బుడగలు, పెడల్ మెత్తగా నేల దాకా పోతుంది. గుర్తు పెట్టుకోండి: పెడల్ గట్టిగా ఉండి కారు ఆగకపోతే ప్యాడ్లు, పెడల్ మెత్తబడితే ఫ్లూయిడ్. కొత్త ఫ్లూయిడ్, రోడ్డుకి చేసినవాటిలోనే కాస్త గట్టి ప్యాడ్, నాలుగైదు ల్యాపులకోసారి మెల్లగా ఒక చల్లార్చే ల్యాపు. మొదటి ఏడాదికి ఇవి చాలు. అంతకన్నా వేగం కావాలంటే ముందు నేర్చుకోవాల్సింది డ్రైవింగు.

నాలుగు. అంతకు మించి వెళ్తుంటే రెండు సెట్లు కొనండి. ట్రాక్‌కి వెళ్ళాక రేస్ ప్యాడ్లు వెయ్యండి, ఇంటికి బయల్దేరేముందు తీసెయ్యండి. మియాటా లాంటి కారుకి చెయ్యి అలవాటైతే గంట పని. కొత్త ప్యాడ్‌ని మాత్రం పదిసార్లు మెల్లమెల్లగా వేడెక్కించి డిస్క్ మీద దాని పొర పడేలా చెయ్యాలి. 'డిస్క్ వంకర పోయింది, స్టీరింగ్ వణుకుతోంది' అనేవాళ్ళలో చాలామందికి నిజానికి ఆ పొర మచ్చలు మచ్చలుగా పడిందని రేస్ ఇంజనీర్ కారల్ స్మిత్ ఎప్పుడో వివరించాడు. రెండు రకాల పొరలు ఒకదాని మీద ఒకటి కుదరకపోతే డిస్కులు కూడా రెండు జతలు పెట్టుకునేవాళ్ళున్నారు.

2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాద్‌లో, హుస్సేన్ సాగర్ పక్కన మనం రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కునే రోడ్ల మీదే ఫార్ములా ఈ రేసు జరిగింది. ఆ జెన్ 3 కార్లని వెనక చక్రాలకి మామూలు హైడ్రాలిక్ బ్రేకులే లేకుండా డిజైన్ చేశారు. మోటార్లే జనరేటర్లుగా మారి ఆపుతాయి, ఆ శక్తి బ్యాటరీలోకి తిరిగొస్తుంది. వేడిగా పారబొయ్యడం లేదు, దుమ్ము లేదు. బెర్తా బెంజ్ తోలు ముక్క నుంచి చూస్తే చాలా దూరం వచ్చాం. దాని ఖర్చు ఎవరి మీద పడుతుందో, ఏ గనిలో ఎవరు కడుతున్నారో, ఇంకో యాభై ఏళ్ళ తర్వాత ఎవరో రాస్తారు.

మావాడు అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఐతే రెండు సెట్లు కొనమంటావ్. మార్చడం నాకు రాదు కదా అన్నా," అన్నాడు.

శనివారం పొద్దున్నే జాక్ తీసుకుని వాళ్ళింటికి వెళ్తున్నా. మొదటిసారి విప్పడం నేను చూపిస్తా. రెండోసారి వాడే విప్పాలి.